తెర కట్టింది నేనే

పదకొండు రాత్రులు ఐజిరెక్
పొయ్యి ముందు నిలబడి చెప్పుకుంది,
ఇస్సిక్-కుల్ ఎందుకు తగ్గిపోతోందో.
టీ కెటిల్ తప్ప ఎవరూ వినలేదు.
ఆగాల్సిన చోట ఎర్ర పెన్సిలు గీత,
నవ్వించాల్సిన చోట చిన్న చేప బొమ్మ.

బాలిక్చి జాలర్ల హాలు. ముప్ఫై నాలుగు స్లైడ్లు.
పొద్దుటెండ పడుతుందని
తూర్పు కిటికీకి అడ్డంగా
తెర కట్టింది నేనే.

చేప బొమ్మ దగ్గర ఎవరూ నవ్వలేదు.
గ్రాఫు తలకిందులై
సరస్సు పెరిగినట్టు కనిపించినప్పుడు మాత్రం
హాలంతా గొల్లుమంది. తనూ నవ్వేసింది.
అక్కణ్ణుంచి కాగితం చూడలేదు.

చివర్లో చీటీలు పంచాం.
"బాగుంది." "బాగుంది." "టీ చల్లారిపోయింది."
ఒకదానికి ఉత్త చేప పొలుసు అంటుకుని ఉంది.
తోక్తోసున్ తాత చీటీ
నాలుగు మడతలు:

"అమ్మాయీ, సరస్సు గురించి అంతసేపు చెప్పావు.
అది నీ వీపు వెనకే ఉంది.
దాన్నెందుకు కప్పారు?"

ఐజిరెక్ ఆ చీటీ నా చేతిలో పెట్టింది,
ఏమీ అనలేదు.
మేకులు పీకుతుంటే
ఒడ్డు, బురదలో కూరుకున్న పడవ,
ఎక్కడో దూరంగా నీళ్ళు
జానెడు జానెడుగా గదిలోకొచ్చాయి.

కోటు గుండీలు పెట్టుకుంటున్నవాళ్ళు
ఆగారు.