కదలకండి

ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో రోజుకు నలభై సార్లు
ఇదే మాట నాది:
గాలి పీల్చండి. బిగపట్టండి. కదలకండి.
జనం వింటారు.
ఏడ్చే పసివాడు కూడా ఏదో ఒక రెప్పపాటు వింటాడు.

తూనీగ వినదు.

డార్బీలో మా పెరడెంతని,
నాలుగు నవారు మంచాలు వేస్తే నడవడానికి చోటుండదు.
పక్కింటి డోరీన్ పారేయబోయిన పాత పింగాణీ సింకుని
కంచె పలక ఒకటి ఊడదీసి
ఇటు ఈడ్చుకొచ్చి మూలన పాతిపెట్టాం.
రెండు వానలకే నిండింది.
దాన్ని కొలను అనడానికి నాకు నోరు రాదు.
తూనీగలకు ఆ పట్టింపు లేదు.

చిక్కుడుపాదుకి నిలబెట్టిన వెదురుపుల్ల కొసన
ఎర్రది ఒకటి వాలుతుంది,
పండుమిరపకాయకి రెక్కలొచ్చినట్టు.
లేస్తుంది, ఓ చుట్టు చుట్టి
మళ్ళీ అదే కొస.
దీంతో పేచీ లేదు, పుల్లకి గురిపెట్టి కూచుంటే చాలు.

నీలం, ఆకుపచ్చ చారల పెద్దది అలా కాదు.
అది వాలదు. నన్ను చూడ్డానికొస్తుంది.
ముక్కుకి జానెడు దూరాన గాల్లో ఆగి
ఎవరీ మనిషి, తడిగడ్డిలో మోకాళ్ళ మీద, ఒంటికన్నేసుకుని,
అని విచారించి పోతుంది.
ఈ వేసవంతా నేను తీసిన దాని ఫోటోలు:
ఉత్త ఆకాశం పదకొండు,
కంచె ఆరు,
తోక కొస ఒకటి.
ఇంకోదాంట్లో ఆరేసిన మా ఆయన బనీను,
చిల్లులతో సహా స్పష్టంగా.

చిన్నప్పుడు తమ్ముడు తూనీగ తోకకి దారం ముడేసేవాడు,
కొస పట్టుకునేదాన్ని నేను.
ఆ పాపంలో సగం వాటా నాది.
ఇప్పుడు తాడు నా మెడలో ఉంది,
రెండో కొసన కెమెరా.

జులైలో ఒక తెల్లవారుజాము,
రాత్రి డ్యూటీ దిగి చెప్పులైనా విప్పకుండా పెరట్లోకి వెళ్ళాను.
సింకులోంచి ఐరిస్ ఆకు పట్టుకుని పైకి పాకిన
మట్టిరంగు పురుగొకటి
వీపు పగిలి, తనలోంచి తను సగం బయటికొచ్చి
తలకిందులుగా వేలాడుతోంది.
రెండేళ్ళట అవి నీటి అడుగున ఉండేది.
ఎగిరేది కొన్ని వారాలు.
కాసేపటికి లేచి, ఒళ్ళంతా లాక్కుంది.
పిండి విదల్చని గుడ్డల్లా ఉన్న రెక్కలు
మెల్లమెల్లగా, ఎవరో లోపల్నించి ఇస్త్రీ చేస్తున్నట్టు
సాపయ్యాయి.

మొదటిసారి, కదల్లేదు అది.
కదిలింది నా చెయ్యి.
నాకు నేనే చెప్పుకోవలసి వచ్చింది:
పీల్చు. బిగపట్టు.

మూడు తీశాను.
విడిచిన డొల్ల పక్కనే ఆకుని కరుచుకుని ఉంది,
వీపు చీలికలోంచి తెల్లటి పోగులు నాలుగు వేలాడుతూ.
అవి దాని పాత ఊపిరిగొట్టాల లోపలి పొరలట.
నేను ఊపిరితిత్తుల్ని చూసే మనిషిని,
ఇంత చిన్నవి ఎప్పుడూ చూళ్ళేదు.

"లేచే ఉన్నావా," అంది డోరీన్,
పలక లేని సందులో, గౌను మీద, చేతిలో టీ.
ఎనభై ఒకటి. నిద్ర పట్టదు.
మొన్న మంగళవారం నా గదిలో
గడ్డం పలకకానించి, భుజాలు ముందుకు వంచి,
నేను చెప్పినంతసేపూ కదలకుండా నిలబడింది.
తెర మీద ఏం కనిపించిందో చెప్పడం
నా ఉద్యోగంలో లేదు.
డాక్టరు చెప్తారు, శుక్రవారం.

"ఎలా వచ్చింది, నువ్వు తీసింది?" అనడిగింది.
ఏది అని అడగలేదు నేను.
బాగా వచ్చింది, అన్నాను. కదల్లేదు.
మెడలోంచి తాడు తీసి
సందులోంచి కెమెరా అందించాను.
కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి చాలాసేపు చూసింది.
"రెక్కలింకా ఆరలేదు, పాపం," అంది.

మేమిద్దరం ఆ చిన్న తెర మీదకి వంగి ఉండగానే
ఎప్పుడు లేచిపోయిందో,
ఆకు మీద డొల్ల ఒక్కటే.

ఇక ఊపిరి వదలొచ్చు, అన్న మాట
ఎవరు ఎవరికి చెప్పాలో తెలీక
ఆ సందుకి అటూ ఇటూ
కాసేపు అలాగే నిలబడ్డాం.
టీ చల్లారింది.