వాలు

మూడో రాత్రి వాన.
హనుమంతవాక కొండమీద, నూట పన్నెండో మెట్టు పక్కన,
మరుగుదొడ్డి గోడ వెనక
టార్చి నోట కరుచుకుని గునపంతో గుంట తవ్వుతున్నాను.

నూకాలమ్మ కిటికీ తెరిచింది.
"ఏటి తవిటినాయుడూ, ఈ అద్దరేత్రి ఎవుల్ని పాతెడతావు?"

ఏం చెప్పను?
లడఖ్‌లో, పదిహేడు వేల అడుగుల ఎత్తున,
స్కీలు విప్పి పక్కన గుచ్చి
మంచుని ఇలాగే తవ్వేవాళ్లం, నడుం లోతు.
గుంట గోడని చేత్తో చదివేవాళ్లం.
పిడికిలి దిగితే మరీ మెత్తన.
నాలుగు వేళ్లు దిగితే కాస్త నయం.
ఒక్క వేలు. పెన్సిలు. ఆఖరికి చాకు.
పైన గట్టి, అడుగున గట్టి,
నడుమ ఎక్కడో బెత్తెడు మందాన
పంచదార లాంటి పొర,
గుప్పిట పట్టినా ముద్ద కట్టనిది.
కొండంత మంచూ దానిమీదే కూర్చునుండేది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం
నా వేళ్లకి తగిలింది ఆ పంచదార.
ఆకాశం తోమిన కంచంలా ఉంది.
సుబేదారు వాచీ చూసుకున్నాడు.
నేను గ్లవుజు తొడుక్కుని
"ఠీక్ హై సాబ్" అన్నాను.

వాలు మధ్యకి చేరాక మంచు ఒక్కసారి
"హుఁ" అంది,
బస్తా దించిన కళాసీలాగా.
ముందు వెళుతున్న రిగ్జిన్ వెనక్కి తిరిగి నవ్వాడు.
అతని స్కీ ఒకటి జూన్‌లో దొరికింది.

ఇక్కడ మంచు లేదు.
ఈ కొండ పొరలు వేరు.
పైన ఇటుక ముక్కలు, పాల పాకెట్లు, ఎవరిదో చంటిపిల్ల చెప్పు.
దాని కింద ఎర్రమట్టి, చోడి అంబలిలా ఉడికిపోయి.
దాని కింద, మోచేతి లోతున,
తెల్ల సుద్ద.
వేలు పెట్టాను. సబ్బులా జారింది.
నా వేలు దాన్ని గుర్తుపట్టింది.

ఇంకో సంగతి.
కోరాడ వాళ్లింటి వెనక ఎండాకాలంలో కూడా కారే ఊట
నిన్నటినుంచి కారడం లేదు.
ఇంత వానలో ఊట ఎండిందంటే
నీళ్లు లోపలెక్కడో చేరి కాచుక్కూచున్నట్టే.

ఈసారి వాచీ చూసేవాడు లేడు.
పళ్లెం, గరిటె పట్టుకుని
ముప్పై ఒక్క గడపా కొట్టాను.
"వైజాగులో మంచేటి, నీ మొహం" అన్నాడు ఆటో పోలిరాజు.
అన్నవాడే వాళ్లమ్మని వీపున వేసుకుని
అందరికన్నా ముందు దిగాడు.
నూకాలమ్మ ఇడ్లీపిండి గిన్నె వదల్లేదు,
మెట్టుకొక తిట్టు చొప్పున నూట పన్నెండూ దిగింది.

మున్సిపల్ స్కూల్లో, ఎక్కాల పటం కింద తెల్లారింది.
సముద్రం వైపు వెలిసింది.
అందరం బయటికొచ్చి తలెత్తి చూశాం.
కొండ ఉన్నచోటే ఉంది.
రేకులు, డిష్ గొడుగులు,
తీగమీద మర్చిపోయిన లుంగీ,
అన్నీ ఎక్కడివక్కడే.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆపైన అందరూ.
"పిండి పులిసిపోనాది. డబ్బులెవుడిస్తాడు?"
నేనిస్తానన్నాను.

జారితే తెలుస్తుంది, నీ లెక్క సరైనదని.
జారకపోతే ఏమీ తెలియదు,
ఎప్పటికీ.
రిగ్జిన్‌ని ఆ రోజు ఆపి ఉంటే
వాడూ ఇలాగే వెక్కిరించేవాడు,
గుడారంలో, టీ తాగుతూ,
ఏళ్ల తరబడి.

ముప్పై ఒక్క గడపల నవ్వునీ వెంటేసుకుని
తిరిగి మెట్లెక్కాను. బరువనిపించలేదు.

రాత్రి గోడ పగులుకి అడ్డంగా బిగించిన అగ్గిపుల్ల
ఇంకా అక్కడే ఉంది.
వేలితో తాకాను.

ఊగింది.