రెండో పిడి

గ్రిమ్స్‌బీ రేవులో చేపలు కోసే షెడ్డు.
తెల్లవారుజాము నాలుగు.
ఐసు మీద హాడక్ చేపలు, మా వేళ్ళ మీద ఐసు.
కత్తి ఆపకుండానే గ్లెండా ఎవరినో అంది:
"బూటు సరిపోతే..."
అని ఊరుకుంది.
అందరూ నవ్వారు.
నేను వంగి కాళ్ళ వైపు చూసుకుని
"లేదు, ఒక సైజు పెద్దది" అన్నాను.
షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు.

ఇక్కడ సామెతను ఎవరూ చివరిదాకా చెప్పరు.
తల ఒక్కటే కోసి బల్ల మీద పెడతారు,
మొండెం ఎక్కడుందో అందరికీ తెలుసు,
నాకు తప్ప.
"దయ్యాన్ని తలుచుకుంటే..." అంటారు.
గుండె చిక్కబట్టుకుని తలుపు వైపు చూస్తాను.
టీ కప్పుతో సూపర్‌వైజర్ కీత్ వస్తాడు.
"వంటవాళ్ళు ఎక్కువైతే..." అంటారు.
క్యాంటీన్‌లో ఉన్నది ఒకే ఒక్క మనిషి, వాడికీ మోకాళ్ళ నొప్పులు.
"పొద్దున్నే లేచిన పిట్ట..."
మా కప్పు మీది సముద్రపు కాకులు అసలు పడుకుంటేగా!

పానెవెజిస్‌లో మా అమ్మ
సామెత ఎత్తుకుంటే చివరంటా చెప్పేది,
బల్ల మీద రాలిన రొట్టె పొడిని కూడా
వేలితో అద్దుకుని తిన్నట్టు.
వీళ్ళకి అంత తీరిక లేదు.
ఎదుటి మనిషి ఈ ఊరివాడేనన్న ధీమా ఉంది.

ఒక నోటుబుక్కు కొన్నాను.
ఎడమ పేజీలో విన్న సగం.
కుడి పేజీ ఖాళీ.

మూడో నంబరు బస్సు నడిపే ఓస్గర్బీని అడిగాను:
"సమయానికి ఒక కుట్టు... ఆ తర్వాత?"
"తొమ్మిదిని తప్పిస్తుంది."
"తొమ్మిది ఏమిటి?"
రెండు స్టాపులు మాట్లాడకుండా నడిపాడు.
మూడో స్టాపులో బ్రేకు వేసి
"కుట్లే అయ్యుంటాయి" అన్నాడు,
"యాభై ఏళ్ళుగా అంటున్నాను గానీ
ఎప్పుడూ లెక్కపెట్టలేదమ్మా."

పేజీలు నిండాయి.
ఒకరోజు ధైర్యం చేసి
రోమ్‌లో ఉన్నప్పుడు రోమ్ వాళ్ళలాగే నడుచుకోవాలని
మొత్తం, పొల్లు పోకుండా అప్పజెప్పాను.
ఎవరూ నవ్వలేదు.
బడిలో పద్యం చదివిన పిల్లను చూసినట్టు
జాలిగా చూశారు.
పూర్తిగా చెప్పడమూ పరాయితనమే.

ఫిబ్రవరిలో
గ్లెండా కొడుకు ఎక్కిన పడవ
నార్వే వైపు నీళ్ళలో ఉంది.
రేడియో పలికి రెండు రోజులైంది.
ఆమె రోజూలాగే వచ్చింది,
రోజూలాగే కత్తి నూరుకుంది.
ఎనిమిది దాటాక, ఎవరి వైపూ చూడకుండా
"కబురు లేదంటే..."
అంది.

కత్తులన్నీ ఆగిపోయాయి.
కుళాయి ఒక్కటే కారుతోంది.

ఈ సగం నాకు వచ్చు.
పద్నాలుగో పేజీ, కుడి వైపు, ఆకుపచ్చ సిరా.
కానీ ఈసారి ఆమె ఆగింది
మిగతాది అందరికీ తెలుసని కాదు.
మిగతాది తన నోటితో ఎత్తలేక.

చేపల పెట్టెకి రెండు పిడులుంటాయి.
నిండు పెట్టె ఒక్కరి వల్ల కాదు.
ఒక పిడి పట్టుకుని వంగి
పేరు పెట్టి ఎవరినీ పిలవకుండా
కాసేపు అలాగే ఉంటారు.

"...మంచి కబురే" అన్నాను.
నా యాసలో. మంచి దగ్గర నాలుక జారింది.
గ్లెండా తలెత్తింది.
"మళ్ళీ అను."
మళ్ళీ అన్నాను, మళ్ళీ అక్కడే జారింది.
రోజూ నా మాటలు దిద్దే మనిషి
ఆ రోజు దిద్దలేదు.

బయట లారీ హారన్ కొట్టింది.
కీత్ ఏదో అనబోయి మానుకున్నాడు.
ఆమె ఇటు, నేను అటు వంగాం.
నా బూట్లు ఇప్పటికీ ఒక సైజు పెద్దవే.
చన్నీళ్ళలో టపటపమంటూ
ఆమె అడుగు పడిన చోటల్లా
ఒక అడుగు వేస్తూ పోయాను.