ఇంత

మొదటి రోజే తప్పు జేసిన.
"రత్నమన్నా, నా ఓవర్‌టైం రాసినవా నువ్వు?" అన్న.
ఫహాహీల్ క్యాంపుల
పన్నెండు మంచాల రూం ఒక్కసారి సల్లగైంది.

టైంకీపర్ వెంకటరత్నం
కండ్లద్దాలు తుడుసుకొని, మెల్లగ,
"మీరు కాస్త మర్యాదగా మాట్లాడటం నేర్చుకోవాలండీ" అన్నడు.
ఒక మీరు, ఒక అండీ.
రెండు తలుపులు. రెండూ నా మొకం మీదనే ఏసిండు.

నాకేమెరుక?
మా కోరుట్ల దిక్కు
అవ్వ నువ్వే, సర్పంచి నువ్వే.
కొండగట్టు అంజన్నకు దండం వెట్టి
"నువ్వే సూడాలె" అంటం గని
"మీరే చూడాలండీ" అంటే
ఎవలినో అంటున్నమనుకొని
అంజన్న ఎనుకకు మర్రి సూస్తడు.

ఆ నెల కాయితంల పదకొండు గంటలు తక్కువొచ్చినయ్.
అడుగలే.
అడుగుదమంటే నోట్లె మొదటి మాట మళ్ల నువ్వే ఉండె.

వంటరూంల గోదారి పోరలు
నా మాటను నాకే వినవెట్టి నవ్వేటోళ్లు.
నేను సుత నవ్విన. ఉప్పు అడుగాలె గద.

క్యాంపుకు రాకముందు మూడేండ్లు
సాల్మీ ఎడారిల ఒంటెలు గాసిన.
మాట్లాడెటందుకు ముసలి కఫీల్ ఒక్కడే.
ఆయన నోట్లెకెల్లి నా నోట్లెకు అరబ్బీ
పిండిన పాల లెక్క వెచ్చగనే వచ్చింది.
అండ్ల మీరు లేదు.
కఫీల్ నన్ను ఇంత అన్నడు, నేను కఫీల్‌ను ఇంత అన్న.
ఇంత అంటే నువ్వు.
మన దగ్గర ఇంత అంటే చేతులు సాపి కొలత జూపెడతం.
ఆడ చేతులు ఊకెనే ఉన్నయ్.

ఆ అరబ్బీ సుత షహర్ల నవ్వులపాలే.
ఏంది అనెటందుకు నేను వేష్ అంట,
ఆఫీసోళ్లు షినూ అంటరు.
"బదూ వచ్చిండు" అని చాయ్ దాగుకుంట నవ్విండ్రు.
ఏడికి వోయినా నాకు యాసనే దొరుకుతది.

రంజాన్ల ఒకనాటి రాత్రి
రత్నం గారికి నడుముల కత్తి దిగినట్టయింది.
(గారు అంటున్న. నేర్సుకున్న.)
దవాఖాన కౌంటర్ల పోరడు
సివిల్ ఐడీ గడువు దాటింది, పో అన్నడు.
రత్నం గారి ఇంగ్లీషు శానా సక్కటిది,
ప్లీజ్ సర్, ప్లీజ్ సర్ అనుకుంట
అద్దానికి తగిలి కింద వడ్డది.

నేను నోరు తెరిసిన.
ఎడారి మాట ఇని పోరడు పడీ పడీ నవ్విండు,
"ఇంత ఏ తెగోనివి?" అని అడిగిండు,
నవ్వుకుంటనే ముద్ర గొట్టిండు.

స్ట్రెచర్ మీద రత్నం గారు
నా మణికట్టు వట్టుకున్నడు.
"నువ్వు... నువ్వు వెళ్లిపోకు."

ఏడాదికి నాకొక నువ్వు దొరికింది.
పైకెల్లి కిందికి ఇసిరిన నువ్వో,
పక్క మంచం మీది నువ్వో.
వాళ్ల దిక్కు రెండు రకాలుంటయట,
మాకు ఒక్కటే, మాకేం తెలుస్తది.

సూది ఇచ్చినంక ఆయనకు నిద్రవట్టింది.
నేను కుర్సీల కూసున్న.
పదకొండు గంటల ముచ్చట తెల్లారినంక అడుగుత.
మొదటి మాట ఇంకా దొరుకలే.