ఆదివారం తెరిపి

తెల్లవారి అయిదూ యాభై.
కోళ్ళగూడంత స్టూడియో, చల్లారిన టీ,
మ్యాపు మీద అట్లాంటిక్ అంతా నాదే.

ఎర్ర బొడిపెల గీత ముందొస్తుంది,
దాని వెనకే నీలి రంపప్పళ్ళ గీత.
మొదటిది ముసురు, రెండోది విసురు.
రెండిటి నడుమా గంటో గంటన్నరో
ఎటూ తేల్చుకోని తడిగాలి.

"శుక్రవారం మధ్యాహ్నానికి లూయిస్ దీవి పడమటి తీరాన వాన.
రాత్రికి గాలి వాయవ్యానికి తిరుగుతుంది.
శనివారం జల్లులు, అక్కడక్కడ వడగళ్ళు."
ఇది జూన్ అని మాత్రం అనను.
అంటే తిడతారు.

వాన రాకడా ప్రాణం పోకడా ఎవరికెరుక?
మొదటిది ఎరుకేనని బుకాయించినందుకు
నాకు నెలనెలా జీతం.

టోర్మోడ్ ఫోన్ చేస్తాడు:
"నిన్న పదింటి వాన మా గుమ్మానికి రాలేదు,
ఏ అడ్రసు రాశావు?"
నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచినవాడు,
దారితప్పినవాటి మీద పట్టింపు పోలేదు.

మా మేనత్త మర్డీనా ఫోన్ చెయ్యదు.
క్యాలెండరు వెనక పెన్సిలుతో
నాకు మార్కులేస్తుంది.
మే నెలకి పదికి నాలుగు.
ఏప్రిల్ సంగతి అడగొద్దంది.

బీడు మీద ఆమె పీట్ చెక్కలు పరిచి ఉన్నాయి,
పాకం ముదరని బెల్లపు అచ్చుల్లా.
పైపొర ఆరాక లేపి, అయిదారింటిని
ఒకదానికొకటి ఆన్చి నిలబెట్టాలి.
గాలి నడుమ దూరితే చలికాలానికి నిప్పు,
దూరకపోతే బురద.
ఈ పనికి ఇద్దరుండాలి,
గోతిలో కోసేవాళ్ళొకరు, గట్టున అందుకునేవాళ్ళొకరు.
ఈ ఏడు కోసిందీ ఆమే, అందుకున్నదీ ఆమే.
రూరీ మావయ్య పార
తలుపు వెనకే ఉంది.

శుక్రవారం నేను చెప్పినట్టే జరిగింది
(అలా జరిగిన రోజున ఎవరూ ఫోన్ చెయ్యరు).
తీతువులు నోరు మూశాయి,
కొండ కనిపించడం మానేసింది,
ఓడ రాలేదు, కొట్లో రొట్టెల అర బోసిపోయింది.
శనివారం వడగళ్ళు పడి
బీటి పువ్వేదో, మంచేదో తెలియలేదు.

ఆ సాయంత్రం మ్యాపు మీద
దక్షిణం నించి అధిక పీడనపు నాలుకొకటి
మెల్లగా పాకి వస్తోంది.
ఆదివారం పొద్దు పొడిచింది మొదలు పొడి,
తేలికపాటి తూర్పుగాలి.
సోమవారం తొమ్మిదింటికి మళ్ళీ ఎర్ర బొడిపెలు.

వారానికొక్క తెరిపి, అదీ ఆదివారం!
మా దీవిలో ఆదివారం తాడు మీద తువ్వాలైనా ఆరెయ్యరు.
మా చిన్నప్పుడు పార్కులో ఊయలలకి గొలుసు వేసేవారు.
"ఆదివారం పొడి" అన్నాను మైకులో,
ఎవరి జేబులోంచో తీసినట్టు గొంతు తగ్గించి.

చర్చి నించి ఆమెను కార్లో దింపాను.
నల్లటోపీ తియ్యకుండా కిటికీ దగ్గర కూచుంది.
బీడంతా ఎండ. చెక్కలమీద సన్నగా ఆవిరి.
గాలికి ఆదివారం లేదు, దాని పని అది చేసుకుంటోంది.

"రేపెప్పుడు వాన?"
"తొమ్మిదింటికి."
"తొమ్మిదిన్నర చెయ్యి."
"అత్తా, అది నా చేతిలో..."
"పన్నెండు దాటితే సోమవారమేగా," అంది,
"ఈ నెలలో చీకటెక్కడ ఏడ్చింది?"

పన్నెండూ ఒక నిమిషం.
ఉత్తరాన ఆకాశం అడుగంచు
పాలు పొంగబోయే ముందు గిన్నె అంచులా తెల్లగా.
ఆమె లేపుతోంది, నేను ఆన్చుతున్నాను.
మాటల్లేవు. ఒక్కసారి మాత్రం
"వాడు ఎడమచేత్తో ఆన్చేవాడు," అంది.
నేనూ చెయ్యి మార్చాను.

అయిదూ యాభైకి
గోళ్ళలో నల్లమట్టితో మైకు ముందు కూచుని
తొమ్మిదింటికి వాన అని చదివాను.
తొమ్మిదీ ఇరవైకి వచ్చింది.
ఆ ఇరవై నిమిషాలకి ఎన్ని మార్కులు కోసిందో, కలిపిందో
ఇంకా చెప్పలేదు.