ముప్ఫై ఏడో వరుస

రాజేంద్రనగర్ పొలంలో పొద్దున ఏడింటికి
అరవై రెండు వరుసల టమాట.
మెడలో వెర్నియర్, చంకలో అట్ట,
అట్ట మీద గళ్ల కాగితం.
పండు ఆకారానికి అంకెలు:
చదునుది ఒకటి, గుండ్రంది మూడు,
బుడ్డ సొరకాయ లాంటిది ఏడు.
తొడిమ దగ్గర పచ్చ భుజం ఉందా, లేదా.
అడ్డంగా కోస్తే లోపల ఎన్ని గదులు.
అంకెలు వేసుకుంటూ పోతే
సృష్టంతా గళ్లలో పడుతుందనుకునే వయసు నాది.

ఒక మొక్క మోకాళ్ల దాకా వచ్చి చాలనుకుంటుంది.
ఇంకోటి కర్ర దాటి, తాడు దాటి
పక్క వరుస భుజం మీద చెయ్యేస్తుంది.
ఒకదాని ఆకు బంగాళాదుంప ఆకులా బోడిగా,
ఇంకోదానిది కొత్తిమీరకు మేనత్త కూతురిలా.
గోలీలంత పండ్లు గుత్తికి పన్నెండు.
పిడికిలంత పండు గుత్తికి ఒక్కటే, అదీ అలిగి.

ముప్ఫై ఏడు మాత్రం ఏ అంకెలోనూ కూర్చోదు.
నోరు బిగించి కట్టిన సంచిలా మడతలు,
పండినా చావని పచ్చ, నెత్తిన పగుళ్లు.
కోస్తే ఎనిమిది గదులు, ఒక్కోసారి పదకొండు,
అన్నదమ్ములు ఇల్లు పంచుకుని
గోడలు వంకరగా కట్టుకున్నట్టు.
నాలుక మీద పెడితే చెవుల దాకా పులుపు.
చివరి గడిలో రాశాను: మార్కెట్‌కు పనికిరాదు.
కూలికొచ్చే సత్తెవ్వ
ఆ వరుసలో రాలినవే కొంగున కట్టుకుపోయేది.
అది రాయడానికి గడి లేదు.

ఫిబ్రవరి చివర తెల్లదోమ లేచింది.
వారం తిరిగేసరికి ఆకులు దొప్పల్లా ముడుచుకుని
నా మూడో నంబరు అందగత్తెలన్నీ
పూత రాల్చుకుని గిడసబారి నిలబడ్డాయి.
ముప్ఫై ఏడు
ఇంకో పువ్వు పూసింది.

అప్పుడు దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.
గుండ్రని రకంలో బతికిన ఒకటి రెండు మొక్కలు వెతికి
సాయంత్రం, రేపు విచ్చబోయే మొగ్గ తెరిచి
పసుపు కేసరాల గొట్టం పట్టకారుతో ఊడదీసి,
తెల్లారి ముప్ఫై ఏడు పుప్పొడి అద్ది,
ఎర్ర దారం కట్టి తేదీ రాశాను.
సత్తెవ్వ చూసి
"ముహూర్తం ఎవలు పెట్టిండ్రు సారూ?" అంది.

మొదటి తరం అన్నీ ఒక్క పోలికే, బుద్ధిగా.
రెండో తరంలో దాచుకున్నదంతా బయటపడింది.
తాత ముక్కు, అమ్మమ్మ మొండితనం,
ఎవరివో తెలియని పచ్చ భుజాలు.
నాలుగు వందల మొక్కల్లో ఏ రెండూ ఒకటి కావు.
అందులోంచి గుండ్రంది, తోలు మందంది, ముడత సోకనిది
ఏరి, పారేసి, మళ్లీ ఏరి,
ఆరేళ్లు.
ఇప్పుడది బోయిన్‌పల్లి దాకా లారీలో దొర్లినా
నవ్వుతూ దిగుతుంది.

పాత రిజిస్టర్‌లో తండ్రి ఊరు చూశాను.
"కార్వాన్. మిద్దె మీద నూనె డబ్బా.
ఇచ్చినవారు: హఫీజాబీ."
కిలో పండ్లు సంచిలో వేసుకుని వెళ్లాను.
ఆమె ఒకటి తీసి, నొక్కి, కొరికి,
చాలాసేపు ఏమీ అనలేదు.
"సూరత్ మంచిగుంది బేటా.
దీంతోటి కట్ కాదు. చింతపండు అప్పు తేవాలె."
కోతులొచ్చి డబ్బాలన్నీ దొర్లించి రెండేళ్లట.
"నా బీజం నీ దగ్గర ఉన్నదా?"

ఉంది.
మైనస్ ఇరవైలో, వెండి రంగు కవర్లో.
యాభై గింజలకు ఒక ఫారం.
పేరు. హోదా. సంస్థ.
సంస్థ దగ్గర మిద్దె అని రాశాను.
ప్రయోజనం?
చాలాసేపు ఆలోచించి, కట్ అని రాశాను.

నిన్న పై ఆఫీసు నుంచి తిరిగొచ్చింది:
"కట్ అనగా ఏ పద్ధతి? వివరించగలరు."

వివరిస్తున్నాను.
ముందుగా పండ్లు ఉడికించి వడగట్టవలెను.
శనగపిండి దోరగా వేయించవలెను.
కరివేపాకు, ఎండుమిర్చి, ఉడికిన గుడ్లు.
పులుపు
విడిగా కలపరాదు.