పదును

జెన్నేలో
మట్టిలో వరిపొట్టు తొక్కి
ఇరవై రోజులు మాగబెడతారు.
సందంతా కంపు,
ఎవరూ ముక్కు మూసుకోరు.
పదునుకొచ్చిందీ లేనిదీ
మేస్త్రీ ముక్కే చెప్పాలి.

మొన్నటి జ్వరం తర్వాత
బామొయి మేస్త్రీకి ఏ వాసనా తగలడం లేదు.
ఎవరితోనూ అనలేదు.
పిడికెడు ముద్ద తీసి
వేళ్ల మధ్య సాగదీసి
పరీక్ష పెడుతున్నట్టు
మనవరాలి ముందు చాచాడు.

"ఇంకా పచ్చివాసనే తాతా.
మూడు రోజులు ఆగాలి."

"ఊఁ" అన్నాడు,
తనకు తెలిసినట్టే.

ఎదురింటి గుమ్మంలో సిమెంటు బస్తాలు దిగుతున్నాయి.
వాటికి ముక్కుతో పని లేదు,
గడువు తేదీ సంచీమీదే ఉంటుంది.
దికోరెకి చదవడం వచ్చు.
గట్టిగా చదివింది.

ఆయన వింటూనే
గుంటమీద తడిగోనె కప్పి,
అంచులకు
రాళ్లు పెట్టాడు.